కొండ పరుగుకు వెళ్తున్నారా? ముందు నడవడం నేర్చుకోండి



గత నవంబరులో ఒక సోమవారం ఉదయం మా ఓపీ విభాగానికి ఏడుగురు యౌవనస్థులు ఒక్కసారిగా వచ్చారు. ఎవరికీ జ్వరం లేదు, దగ్గు లేదు. ప్రతి ఒక్కరి చేతిలోనూ ఒక కాగితం ఉంది. సంక్రాంతి సెలవుల్లో పక్క జిల్లాలో కొండ పరుగు జరుగుతుందట. అందులో పాల్గొనడానికి వైద్యుని సంతకం కావాలట. మొత్తం దూరం మూడు కిలోమీటర్లే. కిలోమీటరున్నర ఎక్కాలి, మళ్ళీ అదే దారిన దిగాలి. అయితే ఆ కిలోమీటరున్నరలో కొండ 350 మీటర్లు లేస్తుంది.

"ఒక్క సంతకమే కదా డాక్టరు గారూ, కాలేజీకి టైమైపోతోంది" అన్నాడు ఒకబ్బాయి.

మేము సంతకం పెట్టలేదు. అందరినీ బల్ల మీద వరుసగా కూర్చోబెట్టి ఒక్కొక్కరి గుండె విన్నాం, బీపీ చూశాం, నాలుగు ప్రశ్నలు అడిగాం. అరగంట పట్టింది. ఆ అరగంటలో బయటపడిన విషయాలే ఈ వ్యాసం రాయడానికి కారణం. ఇప్పుడు మన ఊళ్ళలో పిల్లలు, ఉద్యోగస్థులు, నలభై దాటిన పెద్దలు కూడా పరుగు పందేలకు పేర్లు ఇస్తున్నారు. చాలా సంతోషం. కాని కొండ పరుగు రోడ్డు పరుగు లాంటిది కాదు. దూరం తక్కువని చూసి తేలిక అనుకునేవారే ఎక్కువగా ఇబ్బంది పడతారు.

అలాస్కాలో ఒక కొండ

చిన్న దూరం, నిటారు కొండ అనే ఈ రకం పందెం ఎలా ఉంటుందో తెలియాలంటే అమెరికాలోని అలాస్కా రాష్ట్రం వైపు చూడాలి. అక్కడ సెవార్డ్ అనే చిన్న రేవు పట్టణం ఉంది. దాని ముందున్న సముద్రపు పాయ పేరు రిసరెక్షన్ బే, అంటే పునరుత్థాన అఖాతం. 18వ శతాబ్దం చివర బరానోవ్ అనే రష్యా వర్తకుడు తుఫానులో చిక్కుకుని, ఈస్టరు నాడు అక్కడ తలదాచుకున్నాడని, అందుకే ఆ పేరు వచ్చిందని చెప్తారు.

ఆ పట్టణం వెనుక గోడలా నిలబడి ఉన్న కొండ మౌంట్ మారథాన్. జూలై 4న, అమెరికా స్వాతంత్ర్య దినాన, దాని మీదికి పరుగు జరుగుతుంది. ఊరి వీధిలో మొదలై, కొండ మీద 3,022 అడుగుల ఎత్తున ఉన్న గుర్తును చుట్టి, మళ్ళీ వీధికి రావాలి. రానూ పోనూ దాదాపు 5 కిలోమీటర్లే. మన భువనగిరి కోట గుట్ట సుమారు 500 అడుగులు ఉంటుంది. అలాంటి గుట్టలు ఆరింటిని ఒకదాని మీద ఒకటి పెట్టినట్టు ఊహించుకోండి. అడుగున బండలు, చెట్ల వేళ్ళు పట్టుకుని పాకాలి. తరువాత పొదలు. ఆపైన కాలు పెడితే జారిపోయే పలక రాళ్ళు. పరుగెత్తేవాళ్ళు చేతులకు తొడుగులు వేసుకుంటారు, బూట్లలోకి రాళ్ళు దూరకుండా చీలమండ చుట్టూ టేపు చుట్టుకుంటారు.

పూర్వం సారా కొట్టులో ఇద్దరు పందెం వేసుకున్నారని, గంటలోపు ఎక్కి దిగుతానన్న మనిషి రెండు నిమిషాలు ఆలస్యమై ఓడిపోయాడని అక్కడివారు కథగా చెప్పుకుంటారు. (సారా కొట్టు పందేలను మేము మెచ్చుకోవడం లేదని వేరే చెప్పనక్కరలేదు.) 1915 నుండి అది లెక్క ప్రకారం జరిగే పోటీ అయింది. 2015లో స్పెయిను దేశపు ప్రసిద్ధ కొండ పరుగు వీరుడు కిలియన్ జోర్నెట్ 41 నిమిషాల 48 సెకన్లలో ముగించాడు. మరుసటి సంవత్సరం డేవిడ్ నోరిస్ 41 నిమిషాల 26 సెకన్లలో ముగించాడు. ఇంత గొప్పవారికి కూడా పైకి వెళ్ళడానికి అరగంట పడుతుంది. దిగడానికి పది పన్నెండు నిమిషాలు చాలు. అంటే పందెంలో మూడు వంతుల సమయం ఎక్కడానికే పోతుంది. కాని గాయాలు ఎక్కువగా దిగేటప్పుడే తగులుతాయి.

ఆ కొండకు దుఃఖకరమైన జ్ఞాపకం కూడా ఉంది. 2012లో అరవై దాటిన ఒక పెద్దమనిషి మొదటిసారి ఆ పందెంలో పాల్గొన్నాడు. అందరికంటే వెనుక, శిఖరపు గుర్తు దగ్గరలో ఆయన్ని చివరిసారి చూశారు. తరువాత ఎన్ని రోజులు వెదకినా దొరకలేదు. ఆ తరువాత నిర్వాహకులు నియమాలు గట్టి చేశారు. మొదటిసారి వచ్చేవారు పందేనికి ముందే ఆ దారి మొత్తం ఒకసారి ఎక్కి దిగామని సంతకం చేయాలి. సగం కొండ గంటలోపు చేరనివారిని వెనక్కి పంపుతారు. మన దగ్గర జరిగే పరుగులకు కూడా ఈ మొదటి నియమం పెడితే ఎంతో మేలు. ఎవరూ పెట్టకపోయినా మీ అంతట మీరు పాటించవచ్చు. పందేనికి కనీసం రెండు వారాల ముందు ఆ కొండను ఒకసారి నెమ్మదిగా నడిచి రండి. ఎక్కడ మెట్లున్నాయి, ఎక్కడ జారుడు బండ ఉంది, ఎక్కడ దారి ఇరుకవుతుంది, ఎక్కడ మలుపు తిరిగాక "అయ్యో, ఇంకా ఇంత ఉందా" అనిపిస్తుంది, ఇవన్నీ ముందే కళ్ళతో చూసినవాడు సగం పందెం గెలిచినట్టే.

సంతకానికి ముందు స్టెతస్కోపు

ఇక మన ఏడుగురి సంగతి. వారిలో ఇరవై రెండేళ్ళ అబ్బాయి ఒకడు ఉన్నాడు. సన్నగా, చురుకుగా ఉంటాడు. ఆయాసం వస్తుందా అని అడిగితే "మెట్లెక్కితే వస్తుంది సార్, చిన్నప్పటి నుండీ అంతే. బలం లేదని మా అమ్మ టానిక్కు పట్టిస్తుంది" అన్నాడు. చిన్నప్పుడు కీళ్ళ నొప్పులు వచ్చాయా అంటే, పదేళ్ళ వయసులో మోకాళ్ళు, చీలమండలు ఒకదాని తరువాత ఒకటి వాచి నెల రోజులు బడి మానేశానన్నాడు. గుండె మీద స్టెతస్కోపు పెడితే, ఉండకూడని శబ్దం ఒకటి వినిపించింది. ఎకో పరీక్షలో కారణం తెలిసింది. గుండె ఎడమ వైపు పై గదికీ కింది గదికీ మధ్యనున్న కవాటం, అంటే మైట్రల్ వాల్వు, బాగా ఇరుకైపోయింది.

ఇది మన దేశంలో ఇంకా కనిపించే జబ్బు. చిన్నతనంలో ఒక రకం సూక్ష్మజీవి వల్ల గొంతు నొప్పి వస్తుంది. దాన్ని సరిగా నయం చేయకపోతే కొందరు పిల్లలకు రుమాటిక్ జ్వరం వస్తుంది. కీళ్ళ వాపు తగ్గిపోతుంది గాని గుండె కవాటాల మీద మచ్చ మిగిలిపోతుంది. అది ఏళ్ళ తరబడి గట్టిపడి దారిని ఇరుకు చేస్తుంది. కూర్చున్నప్పుడు ఏమీ తెలియదు. పరుగెత్తితే గుండె వేగంగా కొట్టుకుంటుంది. కొట్టుకు కొట్టుకు మధ్య ఆ ఇరుకు దారిలో నుండి రక్తం కిందికి దిగే వ్యవధి తగ్గిపోతుంది. దిగలేని రక్తం ఊపిరితిత్తుల వైపు ఎదురు నిలుస్తుంది. అదే ఆ ఆయాసం. ఆ అబ్బాయి ఆ కొండను పూర్తి వేగంతో ఎక్కి ఉంటే ఊపిరితిత్తుల్లో నీరు చేరి ప్రాణం మీదికి వచ్చి ఉండేది. టానిక్కుతో తగ్గే ఆయాసం కాదది.

కాబట్టి కొండ పరుగుకు పేరు ఇచ్చే ముందు ఈ సంగతులు వైద్యునికి దాచకుండా చెప్పండి. శ్రమ చేసేటప్పుడు ఎప్పుడైనా స్పృహ తప్పారా? ఛాతీలో బరువుగా, పట్టేసినట్టు ఉంటుందా? తోటివారికి రాని ఆయాసం మీకు వస్తుందా? మీ రక్త సంబంధీకుల్లో ఎవరైనా యాభై ఏళ్ళ లోపు హఠాత్తుగా చనిపోయారా? ఈ చివరి ప్రశ్న చాలామందికి వింతగా తోస్తుంది. గుండె కండరం మందంగా పెరిగే జబ్బు ఒకటి కుటుంబాలలో తరతరాలుగా వస్తుంది. సుమారు 500 మందిలో ఒకరికి ఉంటుంది. చాలామందికి ఆ సంగతే తెలియదు. యౌవనస్థులు ఆటస్థలంలో కుప్పకూలిపోవడానికి గల కారణాల్లో అదొకటి. ముప్పై అయిదు దాటినవారిలో మాత్రం ఎక్కువగా గుండె రక్తనాళాలు పూడుకుపోవడమే కారణం. అందుచేత ఆ వయసు దాటి, షుగరు, బీపీ, పొగ అలవాటు, కుటుంబంలో గుండెపోటు వీటిలో ఏది ఉన్నా ఈసీజీతో పాటు ట్రెడ్‌మిల్ పరీక్ష అవసరమా అని అడగండి.

అమ్మాయిలకు ఇంకో మాట. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15 నుండి 49 ఏళ్ళ స్త్రీలలో సగానికి మించి రక్తహీనతతో ఉన్నారు. ప్రాణవాయువును మోసేది రక్తంలోని హిమోగ్లోబినే. అది తక్కువైతే ఎంత సాధన చేసినా కొండ లొంగదు. ఆ పరీక్షకు అయ్యే ఖర్చు ఒక జత సాక్సుల ఖర్చు కంటే ఎక్కువ కాదు. ముందు అది చేయించుకుని, అవసరమైతే ఐరన్ బిళ్ళలు వాడి, ఆ తరువాత బూట్లు కొనుక్కోండి.

జ్వరం వచ్చి తగ్గినవారు, ముఖ్యంగా డెంగ్యూ లేదా కోవిడ్ లాంటి వైరల్ జ్వరం నుండి కోలుకున్నవారు, వెంటనే కొండ ఎక్కవద్దు. కొందరిలో గుండె కండరానికి కూడా వాపు వస్తుంది. వైద్యుడు సరేనన్న తరువాతే తిరిగి మొదలుపెట్టండి.

పది వారాలు

మిగిలిన ఆరుగురికి మేము పది వారాల సాధన చెప్పాం. వారితో పాటు మా స్త్రీల వార్డు సిస్టరు గారు కూడా చేరారు. ఆమెకు నలభై ఏడేళ్ళు. "అక్కా, మీరు కూడా పరుగెడతారా?" అని పిల్లలు నవ్వారు. "పరుగెత్తను బాబూ, నడుస్తాను. నడవకూడదని కాగితంలో రాయలేదుగా" అన్నారామె.

మొదటి మూడు వారాలు వారానికి అయిదు రోజులు, ముప్పై నలభై నిమిషాలు చురుకైన నడక. పరుగు అలవాటున్నవారికి మధ్యలో తేలిక పరుగు. నాలుగో వారం నుండి వారానికి రెండు రోజులు ఎక్కుడు సాధన, వాటి మధ్య కనీసం ఒక రోజు విశ్రాంతి. దగ్గరలో కొండ ఉంటే అదృష్టవంతులు. విజయవాడ వారికి గుణదల కొండ ఉంది. కొండ లేని ఊళ్ళో నాలుగు అంతస్తుల మెట్లయినా చాలు, ఫ్లైఓవరు పక్క కాలిబాటయినా చాలు. మా వాళ్ళు మొదట ఆసుపత్రి ర్యాంపునే వాడుకున్నారు. అనుమతి ఇచ్చింది మేమే. వారం తిరక్కుండానే స్ట్రెచరు తోసే ఆయాలు మొర పెట్టుకున్నారు. అది మా తెలివితక్కువ పని. తరువాత వాళ్ళను ఊరి చివర గుట్టకు పంపాం.

ఎక్కుడు రోజున చేయవలసింది ఇది. పది నిమిషాలు నెమ్మదిగా నడిచి ఒళ్ళు వేడెక్కాక, మూడు నిమిషాల పాటు ఒకే వేగంతో ఎక్కి, నడుస్తూ దిగి రావాలి. మొదటి వారం మూడుసార్లు, ఎనిమిదో వారానికి ఆరుసార్లు. ఆఖరిసారి కూడా మొదటిసారి వచ్చిన చోటుకే రాగలగాలి. ఆఖరిసారి వెనకబడితే మొదటిసారి తొందరపడ్డారని అర్థం. ఇంట్లో రోజు విడిచి రోజు మడమలు ఎత్తి దించడం, గోడకు ఆనుకుని కుర్చీలో కూర్చున్నట్టు నిలవడం, మెట్టు మీద నుండి ఒంటికాలితో నెమ్మదిగా కిందికి దిగడం చేస్తే పిక్కలకు, తొడలకు బలం వస్తుంది. పందెం ముందు వారం సాధన సగానికి తగ్గించాలి. ఆఖరి మూడు రోజుల్లో కష్టపడితే వచ్చేది బలం కాదు, అలసటే.

కొండ అప్పు ఇవ్వదు

అన్నిటికంటే ముఖ్యమైన సంగతి వేగం. దీన్ని కాస్త వివరంగా చెప్పుకుందాం.

పరుగు మొదలైన మొదటి రెండు మూడు నిమిషాలు మన శరీరం మనల్ని మోసం చేస్తుంది. కాళ్ళు పూర్తిగా పని చేస్తుంటాయి, కాని గుండె, ఊపిరి ఇంకా ఆ వేగానికి అందుకోలేదు. ఆ లోటును కండరాలు తమలో దాచుకున్న నిల్వతో పూడ్చుకుంటాయి. అందుకే మొదట్లో ఎంత వేగంగా వెళ్ళినా తేలికగానే అనిపిస్తుంది. అది చేబదులు డబ్బు లాంటిది. చేతిలో ఉన్నంతసేపు మనదే అనిపిస్తుంది.

సమతలం మీద పరుగైతే ఆ అప్పు తీర్చుకునే వీలుంది. కాస్త నెమ్మదిస్తే ఊపిరి కుదుటపడుతుంది. నిటారు కొండ మీద ఆ వీలు లేదు. ఎంత నెమ్మదిగా అడుగు వేసినా మీ బరువు మొత్తాన్ని పైకి ఎత్తవలసిందే. తక్కువ ఖర్చు వేగం అనేదే అక్కడ ఉండదు. ఒకసారి ఊపిరి చెదిరితే, ఆగి నిలబడితే తప్ప అది తిరిగి రాదు. మొదటి అయిదు నిమిషాల్లో సంపాదించిన అర నిమిషం, చివర్లో నాలుగు నిమిషాలను మింగేస్తుంది.

అందుచేత కిలోమీటరున్నర ఎక్కుడును మూడు భాగాలుగా మనసులో పెట్టుకోండి. మొదటి భాగంలో పూర్తి వాక్యం మాట్లాడగలిగే వేగం. రెండో భాగంలో నాలుగైదు మాటలు ఒక్క ఊపిరిలో చెప్పగలిగితే చాలు. మూడో భాగంలో, అదీ కొస కనిపించాకే, ఒకటి రెండు మాటలకు మించి రాని వేగం. గుండె వేగాన్ని చూపే గడియారాలు ఇప్పుడు చాలామంది చేతులకు ఉన్నాయి. ఉంటే మంచిదే. అయితే 220లో నుండి వయసు తీసివేసే లెక్క సుమారు లెక్క మాత్రమే. బీపీకి, గుండెకు కొన్ని రకాల మందులు వాడేవారికి నాడి అంతగా పెరగదు కాబట్టి ఆ లెక్క అసలే పనికిరాదు. మాట పరీక్ష అందరికీ పనికి వస్తుంది.

మా సిస్టరు గారి పద్ధతి మాకు బాగా నచ్చింది. ఆమె వార్డులో పన్నెండు పడకలు. ఎక్కుతూ ఒకటో పడక నుండి ఒక్కో రోగి జబ్బూ మందూ పైకి చెప్పుకుంటూ పోయేవారు. రెండు పడకలు ఒక్క ఊపిరిలో వస్తే వేగం సరిగ్గా ఉన్నట్టు. ఒక్క పడక మధ్యలోనే ఊపిరి తెగితే అడుగు తగ్గించేవారు. వెనుక వచ్చే పిల్లలకు ఆ జబ్బులన్నీ కంఠతా వచ్చేశాయి!

ఇక నడక సంగతి. కొండ పరుగులో నడవడం సిగ్గుపడే పని అని చాలామంది అనుకుంటారు. అమెరికాలోని కొలరాడో విశ్వవిద్యాలయ పరిశోధకులు బాగా నిటారుగా వంచగల ట్రెడ్‌మిల్ తయారు చేసి, కొండ పరుగు అలవాటున్నవారిని దాని మీద ఎక్కించారు. ఆ ఫలితాలు 2016లో ప్రచురితమయ్యాయి. నిటారు వాలు మీద ఒకే వేగంతో ఎక్కేటప్పుడు పరుగు కంటే నడకకే తక్కువ శక్తి ఖర్చవుతుందని తేలింది. మౌంట్ మారథాన్‌లో పేరున్న పరుగు వీరులు కూడా నిటారు చోట్ల తొడల మీద చేతులు ఆనించి, వంగి, గబగబా నడిచే ఎక్కుతారు.

ఆ నడకకు ఒక పద్ధతి ఉంది. అడుగు చిన్నదిగా ఉండాలి. రెండు మెట్లు ఒకేసారి ఎక్కవద్దు. వీలైనచోట పాదం మొత్తం ఆనించండి, మునివేళ్ళ మీదే ఎక్కితే పిక్కలు త్వరగా పట్టేస్తాయి. బాగా నిటారైనచోట అరచేత్తో మోకాలి పైభాగాన్ని కిందికి నొక్కుతూ లేవండి. చూపు మూడు నాలుగు అడుగుల ముందు ఉండాలి, కొస వైపు పదే పదే చూస్తే మనసు అలసిపోతుంది. కాసేపు ఉరికి కాసేపు నిలబడే పద్ధతి మాత్రం వద్దే వద్దు.

అయితే అడుగున దారి ఇరుకుగా ఉంటే, వెనుకబడితే జనం మధ్య ఇరుక్కుపోతామన్న భయం ఉంటుంది. ఆ భయం నిజమే. దారి ఇరుకయ్యే ముందు చదును నేల ఉంటే అక్కడ కొంచెం చురుకుగా వెళ్ళవచ్చు. ఇరుకులో పడ్డాక మాత్రం ముందువాడి వెనకే ఓపికగా నడవండి. పొదల్లోకి దిగి దాటి వెళ్ళి మిగిల్చుకునే సమయం కొద్ది సెకన్లే.

దిగడమూ నేర్చుకోవాలి

ఎక్కేటప్పుడు గుండె కష్టపడుతుంది, దిగేటప్పుడు మోకాళ్ళు, తొడలు కష్టపడతాయి. దిగే ప్రతి అడుగులో తొడ ముందు కండరం సాగుతూనే బరువును ఆపాలి. అలవాటు లేని కండరంలో దీనివల్ల సన్నని చీలికలు వస్తాయి. నొప్పి ఆ రోజు తెలియదు. మర్నాడు, ఎల్లుండి కుర్చీలో నుండి లేవలేనప్పుడు తెలుస్తుంది. సంతోషకరమైన విషయమేమంటే, ఒక్కసారి దిగుడు సాధన చేసి ఆ నొప్పి అనుభవిస్తే, కొన్ని వారాల వరకు కండరం తనను తాను కాపాడుకుంటుంది. అందుకే అయిదో వారం నుండి కొద్దికొద్దిగా దిగుడు సాధన పెట్టాం. ఆఖరి పెద్ద దిగుడు పందేనికి పది రోజుల ముందే ముగించాలి.

దిగేటప్పుడు వెనక్కి వాలవద్దు. వాలితే మడమ జారి వీపు మీద పడతారు. మోకాళ్ళు కొంచెం వంచి, చిన్న చిన్న వేగమైన అడుగులు వేస్తూ, చేతులు పక్కలకు చాపి దిగండి. ముందున్నవారికి దగ్గరగా వెళ్ళవద్దు, వారి కాలి కింద నుండి రాయి దొర్లవచ్చు. ధనుర్వాతం ఇంజక్షను ఎప్పుడు చేయించుకున్నారో గుర్తు లేకపోతే పందేనికి ముందే అడగండి. రాళ్ళ మీద గీసుకున్న మోకాలితో ఆదివారం రాత్రి వెతుక్కుంటూ రావడం కంటే అది మేలు.

దిగిన మర్నాడు మూత్రం టీ డికాషన్ రంగులో వస్తే మాత్రం ఇంట్లో ఉండవద్దు. కండరం విపరీతంగా దెబ్బతిని మూత్రపిండాల మీద భారం పడిందని దాని అర్థం. వెంటనే ఆసుపత్రికి రండి.

తిండి, నీరు, బిళ్ళలు

ముప్పావు గంట పందేనికి ప్రత్యేకమైన పొడులు, ఖరీదైన పానీయాలు ఏవీ అక్కరలేదు. ముందు రాత్రి రోజూ తినే అన్నమే. ఉదయం పందేనికి రెండున్నర గంటల ముందు మూడు ఇడ్లీలు లేదా రెండు అరటిపళ్ళు. పూరీలు, కారం పచ్చళ్ళు ఆ పూటకు వద్దు. దాహం మేరకు నీళ్ళు తాగండి. లీటర్ల కొద్దీ బలవంతాన తాగితే రక్తంలో ఉప్పు పలచబడి అదే ఒక ప్రమాదమవుతుంది.

మందుల షాపులో నొప్పి బిళ్ళ కొని "ముందు జాగ్రత్త"గా మింగి పరుగుకు వెళ్ళే అలవాటు మన దగ్గర పెరుగుతోంది. దయచేసి ఆ పని చేయవద్దు. చెమటతో నీరు తగ్గిన శరీరంలో డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ లాంటివి మూత్రపిండాలను దెబ్బతీయగలవు. పైగా శరీరం చెప్పే హెచ్చరికను వినిపించకుండా చేస్తాయి.

షుగరు ఉన్నవారు, ముఖ్యంగా ఇన్సులిన్ తీసుకునేవారు, ఆ ఉదయం మోతాదు గురించి ముందే వైద్యునితో మాట్లాడుకోవాలి. జేబులో గ్లూకోజు పొట్లం తప్పనిసరి. కొండ మీద చెమటలు, వణుకు వస్తే అది శ్రమ వల్లనో, షుగరు పడిపోవడం వల్లనో తేల్చుకుంటూ కూర్చోవద్దు. ముందు గ్లూకోజు నోట్లో వేసుకోండి.

ఎండ గురించి ఒక్క మాట. మార్చి నుండి జూన్ వరకు మన కొండల మీద తెల్లవారుజామున తప్ప పందెం వద్దు. ఎవరైనా తడబడుతూ, పొంతన లేకుండా మాట్లాడుతుంటే అది వడదెబ్బ కావచ్చు. వాహనం కోసం ఎదురు చూస్తూ సమయం పోగొట్టవద్దు. నీడలోకి చేర్చి, దొరికినంత చల్లని నీళ్ళు ఒళ్ళంతా పోసి, విసిరి, ముందు చల్లబరచి, ఆ తరువాత ఆసుపత్రికి తరలించండి.

"మేము పరుగెత్తం గదా, మాకెందుకు ఇదంతా?" అని మా రోగులు అడగవచ్చు. మూడో అంతస్తులోని కూతురి ఇంటికి వెళ్ళే తల్లికి ఆ మెట్లే కొండ. అక్కడ కూడా మొదటి అంతస్తు గబగబా ఎక్కినవారే రెండో అంతస్తు మలుపులో గోడ పట్టుకుని నిలబడతారు. మొదటి మెట్టు నుండే మాట్లాడగలిగే వేగంతో ఎక్కండి. ఊపిరితిత్తుల జబ్బు ఉన్నవారు పెదవులు సున్నాలా చుట్టి, దీపం ఆర్పుతున్నట్టు నెమ్మదిగా ఊపిరి వదులుతూ ఎక్కండి. నిన్నటి దాకా ఎక్కిన మెట్లకే ఈ నెల కొత్తగా ఆయాసం వస్తుంటే వయసు అని సరిపెట్టుకోకుండా మాకు చూపించండి.

ఆ ఉదయం

జనవరిలో పందెం జరిగింది. మేమిద్దరం ఫస్టు ఎయిడు పెట్టెతో కొండ సగంలో నిలబడ్డాం. పది వారాలు చెప్పిన మాటలన్నీ విజిలు ఊదగానే గాలికి పోయాయి. కాలేజీకి టైమైపోతోందన్న ఆ అబ్బాయే అందరికంటే ముందు మా దగ్గరికి వచ్చాడు. ముఖం కందగడ్డలా ఉంది. పలకరిస్తే చెయ్యి ఊపాడు గాని నోట మాట రాలేదు. ఇంకో రెండు వందల మీటర్లు వెళ్ళి బండ మీద కూలబడి వాంతి చేసుకున్నాడు. నాడి, బీపీ చూస్తే ప్రమాదం ఏమీ లేదు. కేవలం తొందర. అతను తల పట్టుకుని కూర్చుని ఉండగా సిస్టరు గారు చేతులు తొడల మీద పెట్టుకుని, తొమ్మిదో పడక, పదో పడక అనుకుంటూ అతని పక్క నుండి వెళ్ళిపోయారు. ఆమె 52 నిమిషాల్లో కిందికి వచ్చారు. అతను 61 నిమిషాలకు వచ్చాడు. ఇప్పుడు ఆమెను అక్కా అనడం మానేసి కోచ్ గారూ అంటున్నాడు.

ఏడో అబ్బాయి పరుగెత్తలేదు. కొండ మొదట్లోనే నీళ్ళ డబ్బాల దగ్గర నిలబడి, మా వాళ్ళ సమయాలు పుస్తకంలో రాశాడు. మార్చిలో పెద్ద ఆసుపత్రిలో అతనికి బెలూను పద్ధతిలో కవాటాన్ని వెడల్పు చేశారు, ఛాతీ కోయనక్కర లేకుండానే. ఇప్పుడు 21 రోజులకు ఒకసారి పెన్సిలిన్ ఇంజక్షను కోసం మా దగ్గరికి వస్తాడు. ఒక్కటీ తప్పించలేదు. పోయిన వారం మెట్లెక్కి మూడో అంతస్తులోని రికార్డుల గదికి వెళ్ళి తన ఫైలు తానే తెచ్చుకున్నాడు. ఫైలుతో పాటు ఈ ఏటి పందెం కాగితం కూడా మా బల్ల మీద పెట్టాడు. ఇంకా సంతకం పెట్టలేదు. వచ్చే నెల ఎకో చేయించి, గుండె నిపుణుడు ఏమంటారో విని చెప్తామన్నాం.